వాన రోజున అందరం ఒకేసారి బయల్దేరితే

ఆకాశం మబ్బు పట్టగానే పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో మొదటి మెసేజ్ వస్తుంది: "ఇవాళ స్కూలు త్వరగా వదులుతారా?" పావుగంటలో సగంమందిమి బండ్లు తీస్తాం. అమీర్‌పేట వాళ్లు, పంజగుట్ట వాళ్లు, మాదాపూర్ ఆఫీసుల నుంచి పరుగెత్తుకొచ్చేవాళ్లు, అందరం ఒకే గేటు దగ్గరికి చేరతాం.

పోయిన జూలైలో ఒకరోజు మా బాబుని ఇంటికి తీసుకురావడానికి రెండు కిలోమీటర్లకు గంటన్నర పట్టింది. మైత్రీవనం దగ్గర నీళ్లు నిలిచిన మాట నిజమే. కానీ నా ముందు మన స్కూలు స్టిక్కర్ ఉన్న కార్లే ఏడు కనిపించాయి. ఎనిమిదోది నాది. మా వెనక ఒక అంబులెన్స్ సైరన్ మోగిస్తూనే ఉంది. నిమ్స్‌కి వెళ్లాలేమో. దారి ఇవ్వడానికి ఎవరికీ చోటు లేదు.

నగరం ఆగిపోయేది నీళ్ల వల్ల మాత్రమే కాదు, వాన పడగానే మనం చేసే పనుల వల్ల కూడా. అమీర్‌పేటలో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో ఫోన్‌లో చూసుకోగలుగుతున్నాం. ఆ వానకి ఎంతమంది, ఏ వేళకి, ఎటు బయల్దేరతారో మాత్రం మన దగ్గర లెక్క లేదు.

ఆ లెక్క లేకపోతే ఏమవుతుందో 2020 మార్చిలో మన వీధుల్లోనే చూశాం. లాక్‌డౌన్ మొదలవగానే అమీర్‌పేట, ఎస్సార్ నగర్‌లలో చాలా హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయి. కోచింగ్‌కి వచ్చిన పిల్లలు ఊరెళ్లే పాసుల కోసం మార్చి 25న పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. దూరం పాటించాల్సిన రోజునే గుంపులయ్యాయి. పాసులతో బయల్దేరినవాళ్లలో చాలామంది ఆంధ్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. మెస్ మూస్తే హాస్టల్ పిల్లలు ఊరికే పోతారని ఇక్కడి టిఫిన్ బండి ఆయన్ని అడిగినా చెబుతాడు. ఆ మామూలు సంగతి ముందే లెక్కలోకి వచ్చి ఉంటే, మెస్‌లు నడిపించి పిల్లల్ని ఉన్నచోటే ఉంచగలిగేవాళ్లం.

లెక్క చూసుకుంటే ఏం చేయొచ్చో కూడా తెలుసు. 2023 జూలై వానల్లో సైబరాబాద్ పోలీసులు ఐటీ ఉద్యోగులందరినీ ఒకేసారి వదలకుండా, 3 గంటల నుంచి ప్రాంతాలవారీగా విడతల్లో పంపమని కంపెనీలను కోరారు. దానికి కొత్త ఫ్లైఓవర్ అక్కర్లేదు.

మన స్కూలు కూడా ఇదే చేయొచ్చు. వానాకాలం మొదట్లో ప్రతి కుటుంబాన్నీ మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ఏ వైపు నుంచి వస్తారు? స్కూలు బస్సా, ఆటోనా, మెట్రోనా, సొంత బండా? వాన పడితే బిడ్డను ఇంకో గంట స్కూల్లో ఉంచవచ్చా? ఈ జవాబులతో వదిలే వేళలను విడతలుగా పెట్టవచ్చు. చిన్న తరగతులు ముందు, నీళ్లు నిలిచే దారిలో వెళ్లే బస్సులు చివర. ఆగే పిల్లలకు ఇద్దరు టీచర్లు, కాస్త చిరుతిండి ఉంటే సరిపోతుంది.

పిల్లల వివరాలంటే మనకు భయం ఉంటుంది, ఉండాలి కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అంగీకారం కావాలంటోంది. అందుకే జీపీఎస్ ట్రాకింగ్ వద్దు. పేర్లు, ఇంటి నంబర్లు స్కూలు దాటకూడదు. ట్రాఫిక్ పోలీసులకు చెప్పాల్సింది అంకె ఒక్కటే: ఏ విడతలో, ఎటువైపు, ఎన్ని బండ్లు. విద్యా సంవత్సరం ముగియగానే ఆ ఫారాలు చించేయాలి.

చుట్టుపక్కల స్కూళ్లు కూడా కలిస్తే ఇంకా మేలు. మొదలు మాత్రం మనమే పెడదాం. మళ్లీ మబ్బు పట్టిన రోజున గ్రూపులో "త్వరగా వదులుతారా?" అని కాకుండా "మా విడత ఎన్నింటికి?" అని అడుగుదాం. వెనక అంబులెన్స్ వస్తే అప్పుడు దారి ఇవ్వగలుగుతాం.

(రచయిత్రి 6వ తరగతి విద్యార్థి తల్లి, అమీర్‌పేట)