శిల్పం ఎవడబ్బ సొమ్ము?



పోయిన వారం బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద బందరు బస్సు కోసం నిలబడి ఉంటే ఒక చెల్లి పలకరించింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. నాన్న తాపీ పని చేస్తాడట. సంచిలోంచి నోటుబుక్కు తీసి తన కవిత చూపించింది. "అన్నా, ఎం.ఏ. తెలుగులో చేరితే కవిత్వం ఇంకా బాగా రాయడం నేర్పుతారా?" అని అడిగింది. పైన చూస్తే ఐఐటీ, నీట్ ర్యాంకుల హోర్డింగులు. ఆ బొమ్మల కింద నిలబడి కవిత్వం నేర్చుకుంటానన్న పిల్లకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. బస్సెక్కాక తోచింది. అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు నా సంగతి. నేనూ ఎం.ఏ. తెలుగు చదివినోణ్ణే. ఏ యూనివర్సిటీ అన్నది వదిలేయండి. ఛందస్సు చెప్పారు, అలంకారాలు చెప్పారు, రసం, ధ్వని చెప్పారు. రెండేళ్లలో ఒక్కరోజు కూడా "మీరో కవిత రాసుకురండి, అందరం కూర్చుని చూద్దాం" అన్నవాళ్లు లేరు. నేనే ఒకటి రాసి ఒక సారుకు ఇచ్చాను. చదివి, "ఆవేదన ఉందయ్యా, శిల్పం లేదు" అన్నారు. "అయితే ఆ శిల్పమేదో నేర్పండి సార్" అన్నాను. నవ్వారు. "అది నేర్పితే వచ్చేది కాదు. పుట్టుకతో రావాలి."

పుట్టుక! ఈ మాట మనం ఎక్కడ వినలేదు? బావి గట్టున విన్నాం, గుడి గుమ్మంలో విన్నాం. కవిత్వం దగ్గరకొచ్చినా అదే మాట.

సరే, వాళ్ల శాస్త్రంతోనే అడుగుదాం. కవిత్వానికి కారణమేమిటంటే మమ్మటుడు కావ్యప్రకాశంలో మూడు చెప్పాడు. శక్తి, నిపుణత, కావ్యం తెలిసినవాళ్ల శిక్షణలో అభ్యాసం. మూడూ కలవాలన్నాడు. శిక్షణ అన్న మాట ఆయనదే. దాని మీద ప్రశ్న ఇచ్చి మార్కులేస్తారు, ఆ శిక్షణ మాత్రం ఇవ్వరు. ఎందుకంటే కొందరికి అది క్లాసులో అక్కర్లేదు. తాత పద్యం చదువుతుంటే విని పెరిగిన పిల్లాడు, బీరువా నిండా పుస్తకాలున్న ఇంటి పిల్లాడు, మేనమామ పత్రికలో పనిచేసే పిల్లాడు కాలేజీ గేటు దాటకముందే సగం నేర్చుకుని వస్తాడు. ఇంట్లో జరిగిన ఆ ట్యూషన్‌కే సహజ ప్రతిభ అని పేరు పెట్టారు.

ఇదే బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని పామర్రు దాకా పోయి పక్కకు తిరిగితే కూచిపూడి వస్తుంది. తరతరాలుగా కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ల చేతుల్లో ఉన్న ఆట అది. దాన్ని తెలుగు విశ్వవిద్యాలయం కింద సిద్ధేంద్రయోగి కళాపీఠంలో పాఠాలుగా విడగొట్టి, పరీక్షలు పెట్టి, పట్టాలిచ్చారు. అడుగు నేర్పొచ్చు, ముద్ర నేర్పొచ్చు, అభినయం నేర్పొచ్చు. వాక్యం ఎక్కడ విరగాలో మాత్రం నేర్పకూడదా?

ఇప్పుడు మనవాళ్లతో ఒక మాట. "మనకు శిల్పమెందుకు, అనుభవం చాలు" అనే కామ్రేడ్లున్నారు. ఆ మాటకు నేనూ చాలాకాలం చప్పట్లు కొట్టాను. తప్పు చేశాను. జాషువాను చూడండి. ఉభయ భాషా ప్రవీణ పరీక్ష పాసైనవాడు. యక్షుడు మేఘంతో సందేశం పంపిన కాళిదాసు పద్ధతిని ఆనుపానులతో సహా చదువుకున్నాడు. 1941లో గబ్బిలం రాసినప్పుడు అదే పద్ధతిని తిరగేశాడు. పంపేవాడు అంటరానివాడు, వెళ్లేది కాశీలో శివుడి దగ్గరికి. గబ్బిలమే ఎందుకు? గుళ్లోకి అతన్ని రానివ్వరు, గబ్బిలం మాత్రం వెళ్లి శివుడి చెవి దగ్గరే వేలాడగలదు. ఆ దూతను ఎంచుకోవడంలోనే కావ్యమంతా ఉంది. ఒట్టి ఆవేదనతో అది రాదు. చదువుకుంటే వచ్చింది.

కలేకూరి ప్రసాద్‌ది కంచికచర్ల. 1968లో కోటేసును తగలబెట్టిన ఊరు. 'పిడికెడు ఆత్మగౌరవం కోసం'లో ఒక్క 'నేను' ఊరూ పేరూ మార్చుకుంటూ పోతుంది. కంచికచర్ల, కీలవేన్మణి, కారంచేడు, నీరుకొండ అన్నీ ఆ ఒక్క గొంతులోంచే పలుకుతాయి. 'వాళ్లు' అని రాసి ఉంటే నివాళి అయ్యేది. 'నేను' అన్నాడు గనక సాక్ష్యమైంది. ఈ తేడా గంటసేపు చర్చించదగ్గ పాఠం. మన సిలబస్‌లో దీన్ని 'దళితవాదం, లక్షణాలు' అని ఒక యూనిట్ కింద కట్టేసి పది మార్కుల జవాబు చేశారు. చుండూరు జరిగిన నాలుగేళ్లకు, 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. ఆ కవులు కోపంగా ఉన్నారని అందరూ రాశారు. ఎలా రాశారో ఎంతమంది చూశారు?

యూనివర్సిటీలో నేర్చుకుంటే కవి పెంపుడు చిలకైపోతాడంటారు. అమెరికాలో అయోవా యూనివర్సిటీ 1936 నుంచి రచయితల వర్క్‌షాప్ నడుపుతోంది. మార్గరెట్ వాకర్ అనే నల్లజాతి అమ్మాయి అక్కడ తన కవితలనే థీసిస్‌గా ఇచ్చి 1940లో ఎం.ఏ. పట్టా తీసుకుంది. ఆ కవితలే 1942లో పుస్తకమై యేల్ యువకవుల బహుమతి గెలిచాయి. ఆ పుస్తకం పేరు 'నా జనం కోసం'. చిలక అలా పలుకుతుందా?

యూనివర్సిటీలు మనకు పూలపాన్పులని నేను చెప్పడంలేదు. రచయిత కావాలనుకున్నానని ఆఖరి ఉత్తరంలో రాసి రోహిత్ వేముల 2016 జనవరి 17న వెళ్లిపోయాడు. అందుకే సీటుతో ఆగకుండా క్లాసులో ఏం జరగాలో కూడా మనమే అడగాలి.

ఎం.ఏ. తెలుగులో కవిత్వ రచన పూర్తి పేపరుగా ఉండాలి. కవితా సంపుటిని థీసిస్‌గా ఒప్పుకోవాలి. కవితలు పేర్లు తీసేసి దిద్దాలి. జాషువా, కలేకూరి, మద్దూరి నగేష్‌బాబు శిల్పానికి పాఠాలుగా రావాలి. పట్టా లేకపోయినా పాట కట్టడం తెలిసినవాళ్లను జీతమిచ్చి పిలవాలి. బందరు రోడ్డు మీద 125 అడుగుల అంబేద్కర్‌ను నిలబెట్టగలిగిన రాష్ట్రానికి ఇది మోయలేని ఖర్చేమీ కాదు.

చెల్లీ, ఇక నీ ప్రశ్న. చేరు. బతుకుతెరువుకు బీఈడీ, నెట్ కూడా రాసుకో, అందులో సిగ్గేం లేదు. కవిత్వం నేర్పకపోతే నేర్పమని అడుగు. మీ నాన్న తాపీ పట్టుకుని పుట్టాడా? మేస్త్రీ దగ్గర మాల్ కలిపి, తిట్లు తిని నేర్చుకున్నాడు. ఆయన కట్టిన గోడను చూసి పుట్టుకతో వచ్చిందని ఎవరూ అనరు.

నీ కవిత నాలుగో పంక్తి దగ్గర ఆపేయొచ్చు. తర్వాత ఆరు పంక్తులూ దానికి వివరణే. కొట్టేసి, బయటికి చదివి చూడు. నచ్చకపోతే నాతో పోట్లాడు. క్లాసంటే ఇదే. వచ్చే ఆదివారం ఇంకో కవిత తీసుకురా, అదే ఫ్లైఓవర్ కింద ఉంటాను.

జై భీమ్.