బుట్టలో పాము, కుండలో పాము

తొలకరి పడిందంటే రైతు దుక్కితోపాటు కాళ్ల కింద కూడా చూసుకోవాలి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. అంటే ఏటా సగటున 58 వేల మంది. వీరిలో అత్యధికులు పల్లెవాసులు. సగం చావులు జూన్ - సెప్టెంబరు నెలల మధ్యనే జరిగాయి. మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఇది పట్టించుకోదగని విషయమేమీ కాదు.

ఈ చావులను ఆపే మందు ఒక్కటే, విషం విరిచే సూదిమందు. అది ఏ చెట్టు వేరులోనూ, ఏ ఆకు పసరులోనూ లేదు. పాము విషంలోంచే పుడుతుంది. విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తే వాటి నెత్తుట్లో విరుగుడు తయారవుతుంది. దాన్ని తీసి, శుద్ధిచేసి సీసాల్లో నింపుతారు. కనుక మందు కావాలంటే విషం కావాలి. విషం కావాలంటే ప్రాణంతో, ఆరోగ్యంగా ఉన్న పాము కావాలి. పామును పట్టి ఎలా ఉంచుతున్నామన్నది అందుకే మనుషుల ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న అవుతోంది.

మనవాళ్లకు బాగా తెలిసింది పాములవాడి బుట్ట. నాగులచవితి దగ్గరపడితే ఆ బుట్టలో పాము పడే యాతన ఇంతా అంతా కాదు. కోరలు పీకుతారు. కొన్నిచోట్ల నోరు కుట్టేస్తారు. రోజుల తరబడి తిండీ నీళ్లూ లేకుండా ఉంచుతారు. దాహంతో నకనకలాడిన పాము ముందు గిన్నెడు పాలు పెడితే తాగుతుంది, దాన్ని చూసి మనం చేతులెత్తి మొక్కుతాం. నిజానికి పాము పాలు తాగే జీవి కాదు. నోటి పుండ్లు కుళ్లి, మేత మింగలేక అది కొద్ది రోజుల్లోనే చస్తుంది. దేవుడని మొక్కిన ప్రాణినే మనం చంపుతున్నాం. అనుమతి లేకుండా పాములను పట్టడం, బంధించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

పొరుగున తమిళనాడులో సంగతి వేరు. అక్కడి ఇరుల గిరిజనులు ఒకప్పుడు పాములను పట్టి చర్మాలు అమ్ముకుని బతికేవారు. చట్టం వచ్చి ఆ వ్యాపారం మూతపడడంతో వారి పొయ్యి ఆరింది. అప్పుడు 1978లో రాములస్ విటేకర్ చొరవతో పాములు పట్టేవారి సహకార సంఘం ఏర్పడింది. మహాబలిపురం దారిలో ఉన్న వడనెమ్మేలిలో ఆ సంఘం నేటికీ ఉంది.

అక్కడ పామును మట్టికుండలో ఉంచుతారు. లోపల ఇసుక పోసి, గాలి ఆడేలా మూతికి నూలుగుడ్డ కడతారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర అనే నాలుగు జాతులనే పడతారు. ఎన్ని పట్టవచ్చో అటవీశాఖ నిర్ణయిస్తుంది. పట్టిన ప్రతి పాము వివరాలూ రాసి పెడతారు. గాజుపాత్ర మూతికి పలచని పొర బిగించి దాన్ని కరిపిస్తే విషం పాత్రలోకి దిగుతుంది. వారానికొకసారి చొప్పున మూడు నాలుగు వారాలు తీశాక, మళ్లీ అదే పామును పట్టకుండా పొట్ట పొలుసు మీద గుర్తుపెట్టి అడవిలో వదిలేస్తారు. కోర పీకేది లేదు, నోరు కుట్టేది లేదు. దేశంలో మందు తయారీకి వాడిన విషంలో పెద్దభాగం ఈ సంఘం ఇచ్చిందే. ఆ ఇరుల పనివాళ్లలో వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాము జాతి ఒకటే అయినా ప్రాంతాన్నిబట్టి విషం గుణం మారుతుందని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఒకచోటి విషంతో చేసిన మందు ఇంకొకచోటి కాటుకు అంతే బాగా పనిచేస్తుందన్న హామీ లేదు. కనుక మన పాముల విషం మన దగ్గరే సేకరించాలి. అందుకు మనుషులు కరువా? నెల్లూరు, తిరుపతి జిల్లాల్లోని యానాదులు తరతరాలుగా ఎలుకలనూ పాములనూ ఎరిగినవారు. వారితో, వృత్తి పోయిన పాములవాళ్లతో ఇలాంటి సంఘమే పెట్టి, శిక్షణ ఇచ్చి, అటవీశాఖ పర్యవేక్షణలో నడిపిస్తే వారికి కూడూ దొరుకుతుంది, జనానికి మందూ దొరుకుతుంది. ఒట్టి కేసులు పెట్టి వదిలేస్తే బుట్ట ఈ ఊరు నుంచి ఆ ఊరికి మారుతుందంతే.

పాముకాటు చావులను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో ప్రణాళిక ప్రకటించింది. అది కాగితం మీదే మిగలకూడదు. విషం ఎక్కిన మనిషికి మొదటి విడతలోనే ఎనిమిది నుంచి పది సీసాల మందు కావాలి. రెండు సీసాలు పెట్టుకుని మందు ఉందని చెప్పే ఆసుపత్రిలో మందు లేనట్టే. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చాలినంత మందు, రాత్రివేళ సైతం దాన్ని ఎక్కించగల సిబ్బంది ఉండేలా అధికారులు చూడాలి.

ప్రజల వంతూ ఉంది. కాటు పడితే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం మానాలి. కరిచిన కాలూ చేయీ కదలకుండా ఉంచి, 108కి కబురు చేసి ఆసుపత్రికి తరలించాలి. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది, నొప్పి కూడా తెలియకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలడం కనిపిస్తే ఆలస్యం చేయరాదు. మంత్రగాడి గుమ్మంలో గడిచే ప్రతి గంటా ప్రాణం మీదికి తెస్తుంది. వచ్చే నాగులచవితికి పాములవాడి బుట్టలో పైసా వేయకుండా, పామును ఆడించవద్దని చెప్పి పంపితే అదే నాగేంద్రుడికి నిజమైన పూజ.