కబురు చేస్తామని లేచి వచ్చేశాం



ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. వేరేవాళ్ల తప్పు గురించి రాయడం తేలిక. ఇందులో నా తప్పు కూడా ఉంది.

మొన్నటి చలికాలంలో మా ఆపా కొడుక్కి రిష్తా వెతుకుతున్నాం. ఒకే ఆదివారం మూడు ఇళ్లు పెట్టుకున్నాం. ఒకటి టోలీచౌకీలో, ఒకటి మల్లేపల్లిలో, మూడోది మధురానగర్‌లో. మధురానగర్ ఇల్లు అమ్మాయి వాళ్లది కాదు, వాళ్ల మామూ అద్దెకు ఉంటున్న ఫ్లాటు. అమ్మీ అబ్బా ఖమ్మం నుంచి వచ్చారు. అంటే సుమారు 200 కిలోమీటర్లు బస్సులో కూర్చుని, మేము ఒక గంట చూసి పోవడం కోసం. అమ్మాయి డిగ్రీ చదివి, అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసి, ఉద్యోగం తెచ్చుకుంది. అదే పేటలో లేడీస్ హాస్టల్లో ఉంటోంది.

మేము ఆరుగురం వెళ్లాం. ఆపా, నేను, ఆపా కూతురు, పెద్ద కోడలు, ఆపా ఆడపడుచు, రిష్తా తెచ్చిన మష్షాతా. చేసుకోవాల్సిన అబ్బాయి మాత్రం రాలేదు. దస్తర్‌ఖాన్ నిండా పెట్టారు. సమోసాలు, షామీ కబాబ్, ఖుబానీ కా మీఠా, ఊరి నుంచి డబ్బాలో తెచ్చిన అరిసెలు. అమ్మాయి ట్రే పట్టుకుని వచ్చి సలాం చేసి కూర్చుంది. ఆపా ఆడపడుచు "కొంచెం మంచినీళ్లు తెస్తావా బేటీ" అంది. దాహమై కాదు, నడక చూడటానికి. కోడలు ఏదో మాట కలుపుతూ దుపట్టా సర్దే వంకతో జుట్టు పొడవు చూసింది. ఆపా జీతం ఎంతో అడిగింది, ఖట్టా దాల్ వచ్చా అని అడిగింది, హాస్టల్లో ఎన్నేళ్లుగా ఉంటున్నావని అడిగింది. నేను ఏమీ అడగలేదు. రెండు అరిసెలు తిన్నాను. లేచేటప్పుడు ఆపా ఎప్పుడూ అనే మాటే అంది: "ఇన్షా అల్లాహ్, ఖబర్ కర్తే."

కారు అమీర్‌పేట సిగ్నల్ దాటకముందే ఫైసలా అయిపోయింది. "లడ్కీ సావ్లీ హై. ఊపర్ సే హాస్టల్ మే రహ్తీ." ఇంటికి వచ్చి ఎవరి పనుల్లో వాళ్లం పడ్డాం. ఖమ్మం వాళ్లకు ఏమీ చెప్పలేదు. వాళ్లు మష్షాతాకు రెండుసార్లు ఫోన్ చేస్తే "సోచ్ రహే" అందట. ఆపాకు వాట్సాప్‌లో సలాం పెడితే ఆపా చూసి ఊరుకుంది.

రెండు నెలల తర్వాత మధురానగర్ మెట్రో స్టేషన్లో ఆ అమ్మాయే నన్ను గుర్తుపట్టి సలాం చేసింది. ఆడవాళ్ల కోసమని 'తరుణి' అని పేరు పెట్టిన స్టేషన్ అది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మీ బాగున్నారా అని అడిగాను. ఆమె కోపంగా అనలేదు, మామూలుగానే చెప్పింది. "బాగున్నారు ఖాలా. మీరు కాదని ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. మా అమ్మీ నమాజ్‌లో కూడా ఫోన్ పక్కనే పెట్టుకునేది."

ఆ మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు, ఇప్పటికీ వదల్లేదు.

మన ఇళ్లలో జహేజ్ గురించి, జోడే కీ రఖమ్ గురించి, అర్ధరాత్రి దావత్‌ల గురించి మాట్లాడుకుంటాం. జుమ్మా ఖుత్బాల్లో వింటాం. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది, ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ శిక్ష అంది. అయినా లేన్‌దేన్ ఆగలేదు, ఆ పోరాటం సాగుతూనే ఉంది, సాగాలి. కానీ పయామ్ పంపి, ఇంటికి వెళ్లి, తిని, చూసి, జవాబు ఇవ్వకుండా మాయమైపోయే మన ఆదత్ గురించి ఎవరూ మాట్లాడరు. దీనికి చట్టం లేదు, అవసరమూ లేదు. ఒక రూపాయి ఖర్చు లేకుండా రేపటి నుంచి మానుకోగలిగిన చెడు అలవాటు ఇది. అందుకే దీని మీద రాస్తున్నాను.

జవాబు రాకపోతే ఆ ఇంట్లో ఏమవుతుందో చూడండి. మొదటి వారం ఆశ. రెండో వారం తల్లి అమ్మాయినే అడుగుతుంది: "నువ్వు సరిగ్గా సలాం చేశావా? జీతం అంత గట్టిగా ఎందుకు చెప్పావు?" మూడో వారం చుట్టాలు అడుగుతారు. ఈలోగా ఇంకో రిష్తా వస్తే, "ముందు వాళ్లు ఏమీ తేల్చలేదు, ఆగండి" అంటారు. మనం కాదన్న సంగతి మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. మన దగ్గర అయిపోయిన పని వాళ్ల దగ్గర నడుస్తూనే ఉంటుంది.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకరి పయామ్ నడుస్తుండగా దాని మీద ఇంకొకరు పయామ్ పంపవద్దన్నారు, మొదటివాడు వదులుకుంటేనో, ఇజాజత్ ఇస్తేనో తప్ప. ఈ హదీసు మనం రెండో మనిషికి చెప్పినట్టుగానే చదువుతాం. మొదటి మనిషికి కూడా అందులో ఒక మాట ఉందని నాకనిపిస్తుంది. వదులుకున్నవాడు వదులుకున్నానని చెప్పాలి కదా. చెప్పకపోతే రెండోవాడు ఎలా వస్తాడు? ఆ తలుపు దగ్గర అడ్డంగా నిలబడింది మనమే.

బుఖారీలో ఇంకో రివాయత్ ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) గారి కూతురు హజ్రత్ హఫ్సా (రజి) వితంతువయ్యారు. బద్ర్‌లో పాల్గొన్న ఆమె భర్త మదీనాలో చనిపోయారు. ఉమర్ (రజి) తనే వెళ్లి హజ్రత్ ఉస్మాన్ (రజి)ను అడిగారు, నా కూతుర్ని చేసుకుంటారా అని. ఆయన ఆలోచిస్తానని, కొన్ని రోజుల తర్వాత ఇప్పుడు చేసుకోదలచుకోలేదని చెప్పేశారు. తర్వాత హజ్రత్ అబూబకర్ (రజి)ను అడిగారు. ఆయన ఏమీ అనలేదు, మౌనంగా ఉండిపోయారు. ఉమర్ (రజి) ఏం చెప్పారో తెలుసా? ఉస్మాన్ కాదన్నందుకన్నా అబూబకర్ జవాబు ఇవ్వనందుకే నాకు ఎక్కువ బాధేసిందన్నారు. తర్వాత ప్రవక్త (స) స్వయంగా హఫ్సా (రజి)కు పయామ్ పంపి నికాహ్ చేసుకున్నారు. అప్పుడు అబూబకర్ (రజి) తనే వచ్చి, ఆ రోజు జవాబు ఇవ్వలేదని మీ మనసు నొచ్చుకుందేమో అని అడిగారు. అవునన్నారు ఉమర్ (రజి). ప్రవక్త (స) ఆమె ప్రస్తావన తెచ్చారని నాకు తెలుసు, ఆ రాజ్ బయటపెట్టలేక మాట్లాడలేదు అని వివరించారాయన.

ఈ సంఘటన నేను చిన్నప్పటి నుంచి విన్నదే. మెట్రో స్టేషన్ తర్వాతే అర్థమైంది. ఉమర్ (రజి) అంతటి గట్టి మనిషికి కూడా కూతురి తండ్రిగా 'కాదు' కన్నా మౌనమే ఎక్కువ తక్లీఫ్ ఇచ్చింది. ఆ మౌనానికి అంత పెద్ద కారణం ఉన్నా, అబూబకర్ (రజి) తనంతట తాను వచ్చి సంజాయిషీ చెప్పుకున్నారు. మన మౌనానికి ఏ కారణం ఉంది? బద్ధకం. లేదా మొహమాటం. లేదా "ఇంకా మంచిది దొరక్కపోతే దీన్ని చూద్దాం" అనే లెక్క.

ఆ మూడోదే అన్నిటికన్నా చెడ్డది. మార్కెట్లో ఒక దుకాణంలో చీర పక్కన పెట్టించి, ఇంకో నాలుగు దుకాణాలు తిరిగి వస్తాం చూడండి, అలాగే.

"కాదంటే వాళ్ల దిల్ బాధపడుతుంది కదా, అందుకే చెప్పం" అంటుంది ఆపా. ఇది హయా అనుకుంటాం. నిజానికి బాధ పడకుండా తప్పించుకుంటున్నది మనమే. 'కాదు' విన్నవాళ్లు ఒక రోజు బాధపడి లేస్తారు. ఏమీ వినని వాళ్లు నెలల పాటు బాధపడతారు. "నసీబ్‌లో ఉంటే జరిగేది" అని కూడా అంటాం. నికాహ్ నసీబ్ కావచ్చు, ఫోన్ చేయకపోవడం నసీబ్ కాదు.

ఇక చూడటం గురించి. పెళ్లికి ముందు చూసుకోవడానికి దీన్‌లో ఇజాజత్ ఉంది. హజ్రత్ ముఘీరా బిన్ షుఅబా (రజి) పయామ్ పంపినప్పుడు ప్రవక్త (స) ఆమెను చూసుకోమన్నారు, ఇద్దరి మధ్య ప్రేమ నిలవడానికి అది మంచిదని. చూడమన్నది చేసుకునే మనిషిని. ఆరుగురు ఆడవాళ్లు వెళ్లి నడక, జుట్టు, రంగు కొలిచి రమ్మని కాదు. మన పద్ధతిలో చూడాల్సినవాడు చూడడు, చూడనక్కర్లేని వాళ్లందరూ చూస్తారు. అమ్మాయికి కూడా చూసే హక్కు, కాదనే హక్కు ఉన్నాయి. హజ్రత్ ఖన్సా (రజి)కు ఇష్టం లేని నికాహ్‌ను ప్రవక్త (స) రద్దు చేశారు. ఆ రోజు మధురానగర్‌లో ఆమెను ఎవరం అడగలేదు, "బేటీ, నీకు మా గురించి ఏమైనా తెలుసుకోవాలని ఉందా" అని.

రంగు మాట ఇంకేం చెప్పను. అజాన్ ఇవ్వడానికి హజ్రత్ బిలాల్ (రజి)ను ఎన్నుకున్న ఉమ్మత్ మనది. ఆయన పేరు మన పిల్లలకు పెట్టుకుంటాం, కోడలు మాత్రం గోరీ కావాలి.

హాస్టల్ మాట మాత్రం చెప్పాలి. మధురానగర్, ఎస్సార్ నగర్, అమీర్‌పేట గల్లీల్లో ఎన్ని లేడీస్ హాస్టళ్లు ఉన్నాయో చూశారు కదా. ఖమ్మం, కర్నూలు, గుంటూరు, మహబూబ్‌నగర్ నుంచి మన బేటీలు కూడా వచ్చి అక్కడ ఉంటున్నారు. ఒక గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుని, పొద్దున కోర్సుకో ఉద్యోగానికో పరుగెత్తి, గదిలోనే నమాజ్ చదువుకుని, నెలాఖరుకు ఇంటికి డబ్బు పంపుతారు. తమ్ముళ్ల ఫీజు కడతారు. మనకు ఆ జీతం కావాలి. బయోడేటాలో 'సాఫ్ట్‌వేర్' అని ఉంటే కళ్లు మెరుస్తాయి. కానీ ఆ జీతం రావడానికి ఆమె ఉండాల్సి వచ్చిన గది మాత్రం మనకు ఐబ్‌గా కనిపిస్తుంది. మన అబ్బాయి కూడా అదే అమీర్‌పేటలో మూడేళ్లు హాస్టల్లోనే ఉన్నాడు. అతని గురించి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

మరి ఏం చేయాలి? నాకు తోచింది చెబుతాను. మీకు ఇంకా మంచిది తోస్తే మీ ఇంట్లో అది చేయండి.

ఇంటికి వెళ్లడం ఆఖరి మెట్టు కావాలి, మొదటిది కాదు. చదువు, ఉద్యోగం, ఎక్కడ ఉంటుంది, ఏం ఆశిస్తున్నాం అన్నీ ముందు పెద్దలే ఫోన్లో తేల్చుకోవచ్చు. హాస్టల్ ఇష్టం లేనివాళ్లు ఖమ్మం నుంచి వాళ్లను రప్పించకముందే ఆ మాట చెప్పొచ్చు. సియాసత్ పత్రిక, మిల్లత్ ఫండ్ కలిసి జరుపుతున్న 'దూ బ దూ' ములాఖాత్‌లలో తల్లిదండ్రులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. అమ్మాయి ట్రే పట్టుకుని నిలబడక్కర్లేదు. అలాంటి పద్ధతి ఇళ్ల మధ్య కూడా పెట్టుకోవచ్చు.

వెళ్తే ముగ్గురికి మించి వద్దు, అబ్బాయి తప్పకుండా ఉండాలి. చాయ్ చాలు. వాళ్లు ఎక్కువ పెట్టకుండా ముందే చెప్పండి.

మూడు రోజుల్లో జవాబు ఇవ్వండి. మష్షాతాతో కాదు, మీ నోటితో. కారణాలు అక్కర్లేదు. రంగు, హాస్టల్ అని చెప్పి ఇంకా నొప్పించకండి. "మా వైపు కుదరడం లేదు, మాఫ్ చేయండి. అల్లాహ్ మీ బేటీకి మంచి జోడీ ఇవ్వాలి" అంటే చాలు. ఇది అమ్మాయి వాళ్లకూ వర్తిస్తుంది. ఈ రోజుల్లో చదువుకున్న అమ్మాయిల ఇళ్లవాళ్లు కూడా అబ్బాయిల్ని ఇలాగే వేలాడదీస్తున్నారు.

కాదన్న రోజే ఆ అమ్మాయి ఫోటో, బయోడేటా ఫోన్లోంచి తీసేయండి. అది అమానత్. ఒక ఇంటి బేటీ ఫోటో పది గ్రూపుల్లో తిరుగుతుంటే దానికి మొదటి ఫార్వర్డ్ చేసినవాళ్లు జవాబుదారీ.

నేను చేసింది కూడా చెప్పి ముగిస్తాను. ఆపాకు మెట్రో సంగతి చెప్పి, ఖమ్మం ఫోన్ చేయమన్నాను. "ఇన్ని రోజుల తర్వాత ఏం చేస్తాం, వదిలెయ్" అంది. సరే అని నేనే చేశాను. ఎవరో గుర్తు చేసుకోవడానికి ఆమెకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. మాఫీ అడిగాను. ఆమె కాసేపు ఆగి, "కాదని మాకు ఎప్పుడో తెలిసిపోయింది బీబీ. మీ నోటితో వినాలనుకున్నాం, అంతే" అంది. తర్వాత, ఆ రోజు అరిసెలు బాగున్నాయా అని అడిగింది. బాగున్నాయన్నాను. ఇంకేం మాట్లాడాలో తెలియలేదు.

ఈ రాత్రి ఇషా తర్వాత మీ ఫోన్ ఒకసారి తెరిచి చూడండి. మీరు చూసి జవాబు ఇవ్వని సలాం ఏదైనా ఉంటే, ఆ ఇంటికి ఫోన్ చేయండి. ఆలస్యమైనా చేయండి.