మార్పు – మనుగడ

కొత్త సాంకేతిక విజ్ఞానం వచ్చినప్పుడు పాత సంస్థలు పతనం కావడానికి అజ్ఞానమే కారణమని పలువురు భావిస్తారు. అమెరికాలోని కొడాక్ సంస్థ చరిత్ర ఈ అభిప్రాయం సరికాదని చెబుతుంది. ఫిల్ముతో పనిలేని డిజిటల్ కెమెరాను 1975లోనే రూపొందించినవాడు ఆ సంస్థ ఇంజనీరు స్టీవెన్ సాసన్. అయితే సంస్థ లాభాలకు ఫిల్మే ఆధారం. కాచే చెట్టును తన చేతులతో నరుక్కోవడానికి యాజమాన్యం వెనుకాడింది. అనంతర కాలంలో డిజిటల్ కెమెరాలు అమ్మినా, ఫిల్ము తెచ్చినంత లాభం వాటివల్ల రాలేదు. చివరకు 2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరుతూ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది.

జపాన్‌కు చెందిన ఫ్యూజీఫిల్మ్ సంస్థకూ ఇదే విపత్తు ఎదురైంది. 2000 తరువాత ఫిల్ముకు గిరాకీ వేగంగా పడిపోయింది. అప్పుడా సంస్థ తనకు తెలిసిన విద్యలన్నింటినీ లెక్కవేసుకొంది. ఛాయాచిత్రాలు వెలిసిపోకుండా కాపాడే పరిజ్ఞానం చర్మ సౌందర్య సాధనాల తయారీకి ఉపకరించింది. పలుచని పొరలను రూపొందించే నైపుణ్యం ఎల్‌సీడీ తెరలకు అక్కరకు వచ్చింది. ఈ మార్పు సుఖంగా జరగలేదు. వేలాది ఉద్యోగాలు పోయాయి. అయినా సంస్థ నిలిచింది.

వస్తువు కంటే దాని వెనుకనున్న విద్య ఎక్కువ కాలం మన్నుతుంది. లాభాలు నిండుగా ఉన్న రోజులలోనే ఆ విద్యకు కొత్త దారులు వెదకడం వివేకం. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత వాణిజ్యానికీ వర్తిస్తుంది.