పేదవానికి జామీను

నేరము ఋజువగునంతవరకు ముద్దాయి నిర్దోషియని న్యాయశాస్త్రము చెప్పుచున్నది. కాని 2022వ సంవత్సరాంతమున దేశములోని కారాగృహములందున్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ముగియనివారే. అనగా ప్రతి నలుగురు ఖైదీలలో ముగ్గురు శిక్ష పడకయే చెఱ ననుభవించుచుండిరి.

పోలీసులపై పెత్తనముగల అధికారియే మేజిస్ట్రేటుగా కూర్చుండి తీర్పు చెప్పుట వెనుకటి కాలమున మన దేశీయుల ప్రధానమైన మొఱ. 1974 ఏప్రిలు 1వ తేదీన అమలులోనికి వచ్చిన క్రిమినలు ప్రొసీజరు కోడు ఆ మొఱను చాలవఱకు తీర్చినది. కాని క్రింది కోర్టుల గుమ్మమున మఱియొక యడ్డు నిలిచియే యున్నది. భూవసతిగలవాడు కొలదిదినములలో ఇల్లు చేరును. కూలివాడు అదే యారోపణకు నెలల తరబడి మగ్గును. ఇరువురి నడుమ భేదము దోషములో లేదు. పట్టాదారు పాసుపుస్తకములో నున్నది.

మధ్యప్రదేశములో ఒక తాపీపనివానిని జామీనుపై విడువుమని సుప్రీంకోర్టు చెప్పినను, మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను కోరెను. సోదరుని యాస్తి వేఱు జిల్లాలో నున్నదని అతని పూచీని త్రోసివేసెను. 1978లో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరు దీనిని గర్హించి, వేయి రూపాయల సొంత పూచీపై అతనిని విడిపించిరి. బస్తరులో పట్టువడిన తెలుగువాడు ఏమి చేయగలడని ఆ తీర్పే ప్రశ్నించినది.

శాసనము లేకపోలేదు. బెయిలబులు నేరములలో వారము దినములలోపల జామీను చూపలేనివానిని నిరుపేదగా నెంచి సొంత పూచీపై విడువవలయును. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహిత, మరణశిక్షకో యావజ్జీవశిక్షకో తగిన నేరములు దప్ప, వేఱు కేసులు లేని తొలిసారి ముద్దాయి గరిష్ఠశిక్షలో మూడవవంతు గడిపినచో విడువుమనుచున్నది. కోర్టునకు దరఖాస్తు చేయు బాధ్యతను జైలు సూపరింటెండెంటుపై నుంచినది.

పేదలు పాఱిపోవుదురని కొంద ఱాక్షేపింతురు. పాఱిపోవుటకును ధనము వలయును. కూలివానికి తన యూరే యాధారము.

కావున రిమాండునకు తెచ్చిన తొలిదినముననే ముద్దాయి స్థితిగతులను మేజిస్ట్రేటు విచారింపవలయును. ఉచిత న్యాయవాది ఆనాడే ప్రక్కన నిలువవలయును. మా పాఠకులలో భూవసతి గలవా రనేకులు. తమ పొలమున చెమటోడ్చినవాడు బోనులో నిలిచిన దినమున ముఖము చాటువేయకుందురుగాక. పూచీ నిలుచుట దానము కాదు, పౌరధర్మము.