ఇంటి కప్పుపై అప్పు

ఇంటి కప్పుపై సూర్యఫలకముల నమర్చుకొనువారికి ప్రభుత్వము ధనసహాయమును, బ్యాంకులు ఋణమును ఇచ్చుచున్నవి. ఇది హర్షింపదగిన పనియే. కాని ఎట్లును అప్పు చేయుచున్నాము గదా, అందులోనే కప్పు మరమ్మతు, గచ్చు, ప్రహరీ కూడ ముగించుకొందమను ఆలోచన గృహస్థునకు కలుగుట సహజము. పూర్వము వరంగల్లు జిల్లాలోను, 2016 నుండి జనగామ జిల్లాలోను ఉన్న పాలకుర్తి వంటి ప్రాంతములలో రైతులును పట్టణవాసులును ఈ విషయమును నిదానించి చూడవలయునని మా అభిప్రాయము.

2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము కోటి ఇండ్ల నుద్దేశించినది. దానికి 75,021 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. రెండు కిలోవాట్ల వరకు కిలోవాటునకు 30,000 రూపాయల చొప్పునను, మూడు కిలోవాట్లకును అంతకు మించినవానికిని 78,000 రూపాయలును సబ్సిడీ లభించును. మూడు కిలోవాట్ల వరకు ప్రభుత్వరంగ బ్యాంకులు తాకట్టు లేకుండ తక్కువ వడ్డీకి అప్పిచ్చుచున్నవి. ఆ చౌక వడ్డీ ఫలకములకే గాని గచ్చునకు కాదు.

లెక్క చూతము. మూడు కిలోవాట్ల ఫలకములు నెలకు 300 యూనిట్లకు తక్కువ కాకుండ విద్యుత్తు నీయగలవు. 2022 ఏప్రిలు నుండి అమలైన ధరల ప్రకారము అంత వాడు ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పునను, తక్కిన నూటికి 7.70 చొప్పునను, స్థిరచార్జీలు గాక 1,790 రూపాయలగును. సబ్సిడీ పోగా 1,20,000 రూపాయలను 6 శాతము వడ్డీకి పదేండ్ల గడువుపై తెచ్చినచో నెలకిస్తు సుమారు 1,330. అనగా మిగిలిన బిల్లే అప్పును తీర్చి, ఇంకను కొంత చేతిలో నిలుచును. ఇంటి మరమ్మతుకు మరియొక లక్షను అదే వడ్డీకి చేర్చినను కిస్తు 2,440 దాటును. నెలకు 650 రూపాయలు వేరుగ వెదకుకొనవలయును. మరమ్మతు అప్పునకు వడ్డీ ఇంతకంటె హెచ్చుగనే యుండును. గచ్చు విద్యుత్తు నీయదు గదా!

మరియొక సంగతి గలదు. 2024 మార్చి నుండి రాష్ట్రప్రభుత్వపు గృహజ్యోతి పథకము క్రింద తెల్ల రేషనుకార్డు గలిగి 200 యూనిట్ల లోపు వాడు ఇండ్లకు బిల్లు లేదు. బిల్లే లేని యింట మిగులునది ఏమి? అట్టివారు అప్పు తెచ్చినచో కిస్తు కూలి నుండియో పంట నుండియో రావలసినదే.

ఫలకముల అప్పులో ఇంటిపనులు కలిసిన ఫలితమును అమెరికా చవిచూచినది. 2008లో కాలిఫోర్నియా రాష్ట్రము సూర్యఫలకములకును, ఇంటి విద్యుత్తు పొదుపు పనులకును ఋణమిచ్చి, దానిని ఇంటిపన్నుతో వసూలు చేయు పద్ధతికి చట్టము చేసినది. క్రమముగ కిటికీలు, కప్పులు కూడ ఆ ఋణములో చేరినవి. చెల్లించు శక్తిని చక్కగ విచారింపక ఇచ్చిన అప్పులవలన పన్ను పెరిగి, ఇల్లే పోవు ప్రమాదమున పడిన కుటుంబములు కలవు. తుదకు 2024 డిసెంబరులో ఆ దేశపు వినియోగదారుల ఆర్థికరక్షణ సంస్థ ఆ శక్తిని ముందుగనే విచారింపవలెనని నిబంధన చేసినది. ఇల్లు కాలిన పిమ్మట బావి త్రవ్వుట యన నిదియే.

కప్పు మరమ్మతు అనవసరమని మేము చెప్పుట లేదు. ఇరువదియైదేండ్లు ఫలకములను మోయవలసిన కప్పు కారుచున్నచో ముందుగ దానినే బాగుచేయవలయును. కాని ఆ వ్యయము పంటసొమ్ము నుండి కాని, వేరు ఖాతాలో వేరు అప్పుగ కాని సాగవలయును. హనుమకొండలోని ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ ప్రతి దరఖాస్తుదారునకు గడచిన పండ్రెండు నెలల వాడకమును, మిగులు సొమ్మును ఒక్క కాగితముపై తెలుగులో వ్రాసి ఈయవలయును. బ్యాంకులు ఆ కాగితము చూచిన పిమ్మటనే సంతకము తీసికొనవలయును.

1940వ దశాబ్దమున చాకలి అయిలమ్మ తన పంటను దొరల పాలు గానీయక నిలుపుకొన్న గ్రామము పాలకుర్తి. కప్పుపై కాయు ఎండయు నేడొక పంటయే. ఆ పంట ఇల్లు చేరకమునుపే దానిని గచ్చునకును ప్రహరీకిని కుదువబెట్టుట వివేకము కాదు.