అనుపలబ్ధి ప్రమాణము – ‘భారతి’ వ్యాసములు

కాకతీయ శాసనములపైనో, ప్రాచీన కావ్యములపైనో పరిశోధించు మన విద్యార్థులు కొందరు సిద్ధాంతవ్యాస పీఠికలలో “ఈ విషయమును పూర్వులెవ్వరును చర్చింపలేదు” అని నిస్సంకోచముగా వ్రాయుచున్నారు. ఆధారమేమని యడిగిన, గ్రంథాలయపు కంప్యూటరులో వెదకితిమి, కానరాలేదందురు. కానరాకపోవుట మాత్రమే అభావమునకు ప్రమాణము కాదు. ఉన్నయెడల తప్పక కనబడదగిన వస్తువు కనబడనప్పుడే, అనగా యోగ్యానుపలబ్ధి యందే, అది లేదనుట చెల్లును. చీకటిగదిలో ఘటము కనబడలేదని ఘటాభావమును నిర్ణయింతుమా?

‘భారతి’ సంగతి చూడుడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924 జనవరిలో మదరాసున నారంభించిన యీ మాసపత్రిక 1991 వఱకు నడచినది. వేటూరి ప్రభాకరశాస్త్రి, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటివారి పరిశోధన లిందు వెలువడినవి. అయినను గ్రంథాలయ పట్టికలో సామాన్యముగా నుండునది “భారతి, మాసపత్రిక” అను నొక్క నమోదే. లోపలి వ్యాసముల పేర్లు ఎవ్వరును ఎక్కింపనిదే యంత్రమెట్లు చూపగలదు?

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియావారు ఛాయాచిత్రములుగా నెక్కించిన ప్రతులు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవులో లభించుచున్నవి. ఇది మహోపకారము. కాని పత్రిక పేరే రోమను లిపిలో నొకచోట నొకవిధముగా, వేఱొకచోట వేఱొకవిధముగా నున్నది. థకారముతో వెదకినవారికి తకారముతో వ్రాసినది చిక్కదు. తెలుగు లిపిలో వెదకిన సుబ్రహ్మణ్యభారతియు, పీఠాధిపతులును ముందు ప్రత్యక్షమగుదురు! రచయితల పేర్ల సంగతి చెప్పనక్కఱలేదు. ఇంటిపేరు ముందా వెనుకా, పూర్తిగానా పొడియక్షరముగానా అను నియమమే లేదు.

సంవత్సరనామముల చిక్కు మఱింత సూక్ష్మము. 1924 జనవరి నాటికి రుధిరోద్గారి, ఉగాదితో రక్తాక్షి. అఱువదేండ్లకు మరల 1984 ఉగాదితో రక్తాక్షియే వచ్చినది. ‘భారతి’ అఱువదేండ్లకు మించి జీవించినది గనుక “రక్తాక్షి, వైశాఖము” అని మాత్రమే ఉదాహరించినచో రెండు సంచికలకును అన్వయించును. క్రీస్తుశకమును, సంపుటసంఖ్యను చేర్పక తప్పదు.

కాత్యాయనుని సర్వానుక్రమణి ఋగ్వేదమున ప్రతిసూక్తమునకును ప్రతీకము, ఋక్సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు చెప్పుచున్నది. ఆ విద్య మనది. మన ప్రాచ్యకళాశాలలలోను, 1904లో హనుమకొండలో స్థాపితమైన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వంటి పాత గ్రంథాలయములలోను ఏయే సంపుటములున్నవో ముందుగా చూచి, కళాశాలకు కొన్నేండ్ల చొప్పున పంచుకొని, వ్యాసశీర్షిక, కర్త, సంపుటము, సంచిక, మాసము, పుటలు తెలుగు లిపిలోనే నమోదు చేయింపవచ్చును. శీర్షికను బట్టి విషయము తెలియని వ్యాసములకు విషయమును గూడ నొక్కమాటలో చేర్పవలెను. శాసనవ్యాసములకు ఊరిపేరు, శకసంవత్సరము ముఖ్యము. ఈ పని గుమాస్తాలకు వదలదగినది కాదు. వ్యాసము చదివి విషయము నిర్ణయింపవలసినవాడు ఉపాధ్యాయుడే. అంతవఱకు “పూర్వులెవ్వరును వ్రాయలేదు” అను వాక్యమును పరీక్షకులు కొట్టివేయుట మేలు.